నడుపుట నేర్పితిమి, ఆపుట నేర్పవలదా?

ఒక పనిని విసుగులేక, అలసటలేక, ఎన్ని వేలమార్లైనను తొలిమారు చేసినట్లే తిరిగి తిరిగి చేయగల శక్తి కంప్యూటరునకు గల గుణములలోకెల్ల గొప్పది. మనము దానిని ఇంటికిని, కార్యాలయమునకును, బ్యాంకునకును, ఆసుపత్రికిని తెచ్చుకొన్నది ఆ గుణమును చూచియే. ప్రోగ్రాములు వ్రాయువారు దానికి లూపు అని పేరు పెట్టిరి. ఒక నియమము నిజమైయున్నంతవరకు ఈ పని చేయుచుండుమని చెప్పి విడిచినచో, ఆ నియమము తప్పువరకు యంత్రము ఆ పనిని చేయుచునే యుండును. నియమము ఎన్నటికిని తప్పనిదైనచో ఎన్నటికిని మానదు. చేయుచున్నది మేలో కీడో దానికి తెలియదు. తెలియవలసినది ఎదుట కూర్చున్న మనుష్యునకు. అతనికి తెలిసిన మరుక్షణమున ఆ పనిని ఆపగల మీట యొకటి అతని వ్రేలికి అందవలెను, ఆ మీట ఏదో అతనికి ముందే తెలిసియుండవలెను, నొక్కినపుడు యంత్రము ఆ ఆజ్ఞను విని తీరవలెను. ఈ మూడును లేని ప్రోగ్రాము ఎంత నేర్పుతో వ్రాయబడినదైనను అసంపూర్ణమని నా నిశ్చితాభిప్రాయము. మన కళాశాలలలో లూపును నడుపుట నేర్పుచున్నాము గాని ఆపుటను శ్రద్ధగా నేర్పుట లేదు. ఆ లోటు విద్యార్థిదశతో ముగియక, వారు పెద్దవారై వ్రాయు ప్రోగ్రాములలోనికిని, ఆ ప్రోగ్రాములపై ఆధారపడిన జనుల జీవితములలోనికిని ప్రవేశించుచున్నది.

ఇంజనీరింగు మొదటి సంవత్సరపు ల్యాబులో పైథాన్ లూపు పాఠము జరుగు దినమున ఒక గంట నిలిచి చూచినవారికి నేను చెప్పబోవు దృశ్యము కొత్తది కాదు. ఒకటి మొదలు పది వరకు అంకెలు చూపుమన్న అభ్యాసమును ఒక బాలిక వ్రాయుచుండును. వైల్ అని మొదలిడి, ఐ విలువ పదికి మించనంతవరకు అని నియమము పెట్టి, లోపల ప్రింట్ అని వ్రాసి, ఐ విలువను ఒకటి పెంచవలసిన పంక్తిని మాత్రము మరచును. రన్ చేసిన వెంటనే ఒకటి, ఒకటి, ఒకటి అని తెర యంతయు కన్ను నిలుపలేనంత వేగముతో పైకి పరుగెత్తును. ఆమె ఎంటర్ కొట్టును, స్పేస్ నొక్కును, ఎస్కేప్ నొక్కును, మౌసును అటునిటు కదలించును, ఏదియు ఫలింపదు. "సార్, హ్యాంగ్ అయింది సార్" అని లేచి నిలుచును. "ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యమ్మా" అని ఆవలి వరుసనుండి జవాబు వచ్చును. ఆమె పవర్ బటన్‌ను అదిమిపట్టును, తెర నల్లబడును, సేవ్ చేయని పని యంతయు దానితో పోవును.

నిజమునకు ఆ యంత్రము హ్యాంగ్ కాలేదు. చెప్పిన పనిని చెప్పినట్లే, ఒక్క అడుగు తప్పక, చేయుచున్నది. ఆమె కంట్రోల్ మీటను పట్టి సి నొక్కియుండినచో లూపు తత్‌క్షణమే నిలిచియుండెడిది. కీబోర్డ్ ఇంటరప్ట్ అను మాటయు, ఏ పంక్తి కడ ఆగెనో ఆ పంక్తి సంఖ్యయు తెరమీద కనబడియుండెడివి. తప్పు ఎక్కడ నున్నదో వెదకువానికి ఆ సంఖ్యకంటె మంచి ఆనవాలు వేఱొకటి దొరకదు: ప్రోగ్రాము ఎక్కడ తిరుగుచుండెనో అక్కడనే పట్టుబడినది గదా! స్విచ్చి ఆపినవారు పనిని పోగొట్టుకొనుటయే గాక ఆ ఆనవాలును కూడ తుడిచివేసికొనుచున్నారు. కావున ఆపుట యనునది ప్రమాదమునుండి తప్పించుకొను ఉపాయము మాత్రమే కాదు. అది శోధనకు సాధనము, విద్యలో ఒక భాగము.

ఈ జ్ఞానము అందఱికిని అందకపోవుటకు ముఖ్యకారణము, మీట నొక్కినపుడు లోపల ఏమి జరుగునో మనము చెప్పకపోవుట. ఏ మీట నొక్కినను కీబోర్డు ప్రాసెసరును దాని పనినుండి ఒక్క నిమేషము తప్పించి, మీట సంకేతమును అప్పగించును. ఆ సంకేతము తిన్నగా ప్రోగ్రామునకు పోదు. మొదట ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చి, ఒక వరుసలో చేరి, ప్రోగ్రాము ఎప్పుడు అడిగిన అప్పుడు దానికి ముట్టును. అడుగనిచో వరుసలోనే పడియుండును. 1981లో వెలువడిన ఐబీఎం పీసీలో ఈ వరుస యందు 15 మీటలకే చోటుండెను. నిండిన పిమ్మట ఇంకొకటి నొక్కినచో యంత్రము బీప్ అని కూసెడిది. ప్రోగ్రాము ఆగక తొందరపడి మీటలన్నియు కొట్టినవారు ఆ కూతను ఎఱుగుదురు. ల్యాబులోని బాలిక నొక్కిన ఎంటరును, స్పేసును, ఎస్కేపును ఇట్లే వరుసలో నిలిచినవి. లూపు లోపల వాటిని అడుగు పంక్తి యొక్కటియు లేదు గనుక వాటి మాట వినువారు లేకపోయిరి.

కంట్రోల్-సి పోవు త్రోవ వేఱు. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ వరుసలో నిలుపదు; చూచిన వెంటనే, నడుచుచున్న ప్రోగ్రాము అడిగినను అడుగకున్నను, దానికి విరమింపుమని సంకేతము పంపును. యూనిక్స్ సంతతికి చెందిన వ్యవస్థలలో ఈ సంకేతమునకు సిగ్‌ఇంట్ అని పేరు, 2 అని సంఖ్య. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతావళి ననుసరించి కంట్రోల్‌తో కూడిన అక్షరము తన వరుససంఖ్యను పంపును. సి మూడవ యక్షరము గనుక 3 పోవును. ఆ సంఖ్య తంతి యంత్రముల కాలమున పాఠ్యము ముగిసినదని తెలుపుటకు ఏర్పడినది. తొలినాళ్ళ యూనిక్స్‌లో ఈ పనికి డిలీట్ మీట నుంచిరి. డెక్ కంపెనీ కంప్యూటర్లలో వాడుకపడిన కంట్రోల్-సి తరువాత అందులోనికి వచ్చి స్థిరపడినది. పంపిన సంకేతమును ప్రోగ్రాము స్వీకరించి తన యిష్టము వచ్చినట్లు వర్తింపవచ్చును గనుక, ఎట్టి ప్రోగ్రామును నిరాకరింపలేని సిగ్‌కిల్ అను 9వ సంకేతమును కూడ ఆ వ్యవస్థను నిర్మించినవారు వేఱుగా నిలిపియుంచిరి. అధికారమును ప్రోగ్రామునకు కొంత ఇచ్చి, కడపటి మాటను మాత్రము మనుష్యుని చేతనే యుంచిన ఆ దూరదృష్టి ప్రశంసనీయము.

ఆపుట యన్నను ఒకే విధమైనది కాదు. కంట్రోల్-జడ్ నొక్కినచో యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో ప్రోగ్రాము చావదు, నిద్రించును. ఎఫ్‌జి అని కొట్టినచో విడిచిన చోటినుండి మరల లేచును. ముగిసినదని భ్రమించి వదలిన ప్రోగ్రాములు యంత్రములో నిద్రాణములై మిగిలియుండుట సర్వసాధారణము. కంట్రోల్-ఎస్ టెర్మినల్‌లో తెరను స్తంభింపజేయును, కంట్రోల్-క్యూ దానిని విడుచును. టెలిటైపు యంత్రములలో కాగితపు టేపును చదువు భాగమును ఆపిన 19వ సంకేతమును, నడిపిన 17వ సంకేతమును ఇవియే. వర్డులో సేవ్ చేయు అలవాటు కొలది టెర్మినల్‌లో కంట్రోల్-ఎస్ నొక్కి, తెర కదలక, సిస్టమ్ పాడైనదని భయపడు విద్యార్థులు ఎందఱో. అట్లే కంట్రోల్-సి యనగా కాపీ యని మాత్రమే నేర్చినవారు, గంటలకొలది నడుచుచున్న ప్రోగ్రాము తెరమీద చూపిన ఒక పంక్తిని కాపీ చేయబోయి, ఆ ప్రోగ్రామునే అంతమొందించుట కద్దు. ఒకే మీట రెండు చోట్ల రెండు పనులు చేయుచున్నపుడు, రెండింటిని కలిపి చెప్పుట ఉపాధ్యాయుని విధి.

ఇక ప్రోగ్రాము వ్రాయువాడు తానే మీటలకు చెవి యొగ్గి, క్యూ నొక్కినచో ముగించుట, పి నొక్కినచో నిలుపుట మొదలగు ఏర్పాట్లు చేయదలచినపుడు మూడు మార్గములు కలవు. మొదటిది వేచియుండుట: పైథాన్‌లో ఇన్‌పుట్ అని వ్రాసినచో మనుష్యుడు ఎంటర్ కొట్టువరకు లూపు నిలిచిపోవును, ఇది ప్రశ్నోత్తరములకు తగును గాని పరుగెత్తు పనికి తగదు. రెండవది పోవుచు పోవుచు ఒక్కమారు చూచుట: 1987లో వెలువడి మన ఇంజనీరింగు ల్యాబులలో చిరకాలము రాజ్యమేలిన టర్బో సి లో కెబిహిట్ అను ఫంక్షన్ ఇందుకే యున్నది, వరుసలో మీట యేదైనను కలదా అని చూచి, లేనిచో ఆగక సాగిపోవును. లినక్స్‌కు వచ్చిన విద్యార్థికి ఆ ఫంక్షన్ కనబడదు; పైగా టెర్మినల్ ఒక పంక్తి యంతయు పోగుచేసి ఎంటర్ కొట్టిన పిమ్మటనే ప్రోగ్రామున కిచ్చును గనుక, క్యూ నొక్కినను ఏమియు జరుగలేదని విస్తుపోవును. మూడవది ఘటనలను వినుట: ఆటలు, కిటికీలు గల ప్రోగ్రాములన్నియు ఈ మార్గముననే నడుచును; లూపు ప్రతి ఆవృత్తిలోను తనకు వచ్చిన మీటలను, మౌసు నొక్కులను ఒక్కొక్కటే విచారించి, రన్నింగ్ అను గుర్తు అసత్యమైన క్షణమున మర్యాదగా ముగియును. ఆ విచారణను మరచిన కిటికీ మీదనే నాట్ రెస్పాండింగ్ అను మాట కనబడును.

అంతములేని లూపు దానంతట అది దోషము కాదనుట ఇచ్చట చెప్పవలసియున్నది. ఏటీఎంలోని ప్రోగ్రాము, బ్యాంకు సర్వరు, ఆట, ఆర్డువినో బోర్డు మీది లూప్ అను ఫంక్షన్, ఇవన్నియు అంతములేకుండ తిరుగుటకే పుట్టినవి. తిరుగుట దోషము కాదు. తిరుగుచు వినకపోవుట దోషము.

యంత్రమునే మరింత తెలివిగలదానిగా చేసి, ఆగని లూపును అదియే కనిపెట్టునట్లు చేయరాదా యని కొందఱు ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము కంప్యూటర్లు పుట్టక మునుపే వచ్చినది. 1936లో ఆంగ్ల గణితశాస్త్రజ్ఞుడు అలన్ ట్యూరింగ్ వెలువరించిన పరిశోధన మూలముగా మనకు తెలిసిన సత్యమేమనగా: ఏ ప్రోగ్రామునైనను పరిశీలించి, అది ఎప్పటికైనను ఆగునా ఆగదా యని ప్రతి సందర్భమునందును తప్పక నిర్ణయింపగల సార్వత్రిక పద్ధతి యుండజాలదు. ఇది నేటి యంత్రముల బలహీనత కాదు, రేపటి యంత్రములతో తీరునదియు కాదు. గణితము నిర్ణయించిన హద్దు. కొన్ని ప్రత్యేక సందర్భములలో హెచ్చరికలు చేయవచ్చును, ఇంత కాలము మించినచో తనంతట ఆగునట్లు గడువు పెట్టవచ్చును; కాని ఇక చాలు అని తెలిసికొని చెప్పవలసిన బాధ్యత కడకు మనుష్యునిదే. బాధ్యత అతనిదైనపుడు దానికి తగిన సాధనము అతని చేత లేకుండుట అన్యాయము.

పూర్వపు యంత్రములు ఈ న్యాయమును చక్కగా పాటించినవి. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అను ఆచార్యులు సామాన్య విద్యార్థులకొఱకు బేసిక్ భాషను సృష్టించిరి. ఆ భాష ఐబీఎం పీసీమీద జీడబ్ల్యూ బేసిక్ అను రూపమున నడచిన దినములలో, గోటూ 10 అని వ్రాసి అంతులేని లూపులో పడిన బాలుడు కంట్రోల్ పట్టి బ్రేక్ అని పేరు వ్రాసియున్న మీటను నొక్కెడివాడు. బ్రేక్ ఇన్ 20 అని తెర ఏ పంక్తిలో ఆగెనో చెప్పెడిది. కాంట్ అని కొట్టినచో అక్కడినుండియే సాగెడిది. 1984లో మన ప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద పాఠశాలలకు పంపిన బీబీసీ మైక్రో కంప్యూటర్లలో ఎస్కేప్ మీట ఆ పని చేసెడిది, అదియు పంక్తి సంఖ్యతోనే చెప్పెడిది. ఆపుట, చూచుట, సరిదిద్దుట, సాగించుట అను నాలుగును ఆ యంత్రములలో ఒకే పాఠముగా నుండెను. నేటి ల్యాప్‌టాపులలో బ్రేక్ అను మీటయే అనేక కీబోర్డులనుండి మాయమైనది. ఎక్సెల్ మ్యాక్రో ఒకటి ఆగక తిరుగుచున్నపుడు, పుస్తకములో చెప్పిన కంట్రోల్-బ్రేక్ కొఱకు కీబోర్డంతయు వెదకి, కానక, గుమాస్తా దిక్కుతోచక కూర్చుండును. మీటను తీసివేసినవారు దాని స్థానమున ఏది నొక్కవలెనో చెప్పవలసిన బాధ్యతను కూడ వహింపవలసియుండెను.

ఆపుట నేర్చిన పిమ్మట చక్కగా ఆపుట నేర్వవలెను. ఒక పాఠశాల తల్లిదండ్రులకు సందేశములు పంపు ప్రోగ్రాము నూరవ పేరు కడ దారితప్పి, అదే సంఖ్యకు అదే సందేశమును మరల మరల పంపుచున్నదనుకొందము. కంట్రోల్-సి నొక్కిన వెంటనే అది చచ్చినచో సందేశములు ఆగును. కాని ఎవరికి పోయినవి, ఎవరికి పోలేదు అను పట్టిక సగము వ్రాయబడి చెడిపోయినచో, మరునాడు మొదటినుండి అందఱికిని పంపవలసివచ్చును. బుద్ధిమంతుడైన ప్రోగ్రామరు ఏమి చేయుననగా: ఆపు సంకేతము వచ్చినదని గుర్తుపెట్టుకొని, చేతిలోనున్న ఒక్క పేరును పూర్తిచేసి, పట్టికను భద్రపరచి, ఇచ్చటివరకు వచ్చితినని తెరమీద చెప్పి, అపుడు ముగించును, ఆ ముగింపు ఆలస్యమగుచున్నచో రెండవమారు నొక్కినపుడు ఇక విచారింపక ఆగిపోవును. అజాగ్రత్త గలవాడు ఇందుకు సరిగా విరుద్ధముగా చేయును. పైథాన్‌లో ఏ తప్పు వచ్చినను పట్టుకొని పని సాగించు ఉద్దేశముతో ఎక్సెప్ట్ అని మాత్రము వ్రాసి, ఏ తప్పునో చెప్పక విడిచినచో, ఆ పంక్తి తప్పులతోపాటు కంట్రోల్-సి ని కూడ పట్టి మ్రింగివేయును. మనుష్యుడు ఎన్నిమార్లు నొక్కినను లూపు సాగుచునే యుండును. ఈ అనర్థమును తగ్గించుటకే 2006లో వచ్చిన పైథాన్ 2.5 లో కీబోర్డ్ ఇంటరప్ట్‌ను సాధారణ దోషముల వర్గమునుండి తప్పించి వేఱు చేసిరి: ఎక్సెప్షన్ అని పేర్కొని పట్టువారి చేతికి అది నాటినుండి చిక్కదు. మనుష్యుడు పలికిన ఆపుము అను మాట ఒక దోషము కాదని ఒక భాషా నిర్మాతలు అంగీకరించిన సందర్భము అది. మన పాఠ్యపుస్తకములలో దానికి చోటు లభింపవలెను.

ఆపు మీట సంగతి ఇంతవరకు చెప్పితిని. సాగు మీట సంగతి అంతకంటె గంభీరమైనది. కెనడా ప్రభుత్వ సంస్థ యొకటి నిర్మించిన థెరాక్-25 అను కాన్సర్ చికిత్సా యంత్రము 1985 జూన్ మొదలు 1987 జనవరి వరకు అమెరికా, కెనడా దేశములలో ఆరుగురు రోగులకు అతిమాత్రమైన రేడియేషన్ ఇచ్చినది. వారిలో కొందఱు దాని మూలముననే మరణించిరి. పూర్వపు యంత్రములలో ప్రమాదమును అరికట్టుటకు ప్రత్యేకముగా అమర్చిన విద్యుత్, యాంత్రిక రక్షణములను ఇందులో తొలగించి, ఆ భారమును ప్రోగ్రాము మీదనే మోపిరి. 1986 మార్చిలో టెక్సాస్ రాష్ట్రపు టైలర్ పట్టణములోని ఆసుపత్రిలో, యంత్రమును నడుపు ఉద్యోగిని ఎలెక్ట్రాన్ చికిత్సకు ఇ అని కొట్టవలసినచోట ఎక్స్ అని కొట్టి, వెంటనే తప్పు గ్రహించి, పైకి పోవు బాణపు మీటతో వెనుకకు పోయి సరిదిద్ది, బి నొక్కి కిరణమును ప్రారంభించినది. ఆమె చేతి వేగమే కీడైనది: లోపల అయస్కాంతములు సర్దుకొనుటకు పట్టు ఎనిమిది సెకండ్లలో జరిగిన ఆ దిద్దుబాటును ప్రోగ్రాము పూర్తిగా గమనింపలేదు. యంత్రము నిలిచి, మాల్‌ఫంక్షన్ 54 అని చూపినది. తెరమీద, ఇవ్వవలసిన 202 యూనిట్లలో 6 మాత్రమే ఇచ్చినట్లుండెను. 54 అను సంఖ్యకు అర్థమేమో ఆమె చేతిలోని పుస్తకములలో వివరముగా లేదు. ఆ యంత్రము దినమునకు పలుమార్లు ఏదో యొక సంఖ్య చూపి నిలుచుట ఆమెకు అలవాటే. అట్టి విరామమునుండి తిరిగి సాగుటకు చేయవలసినదెల్ల పి అను ఒక్క మీటను నొక్కుట. ఆమె పి నొక్కినది. తీవ్రమైన దెబ్బ తగిలినట్లై బల్లపైనుండి లేవబోవుచున్న రోగికి రెండవమారు కిరణము తగిలినది. ఆ దినమున ఆ గది లోపలి దృశ్యమును చూపు కెమెరాయు, మాట వినిపించు సాధనమును పనిచేయుట లేదు. కొన్ని నెలలకు ఆ రోగి మరణించెను.

నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ అను పరిశోధకులు 1993లో ప్రకటించిన విచారణను చదివినవారికి ఇందులో ఆ ఉద్యోగిని దోషము కానరాదు. దోషము ఆ పి మీటది. ప్రాణాపాయకరమైన క్రియను నిలిపిన యంత్రము, ఏల నిలిచితినో స్పష్టముగా చెప్పక, సాగుటకు మాత్రము ఒక్క వ్రేలి నొక్కును కోరెను; అట్లు ఐదుమార్ల వరకు సాగనిచ్చెను. ఆపుట సులభముగాను, ఆగిన పిమ్మట సాగుట విచారపూర్వకముగాను ఉండవలెనను ధర్మము అక్కడ తలక్రిందులైనది. మనము ప్రతిదినము చూచు ఓకే, కంటిన్యూ, నెక్స్ట్ అను బటన్లు ఈ అలవాటునే మనకు నేర్పుచున్నవి: చదువక నొక్కుట. చిన్న పనులలో దాని ఫలము స్వల్పము; కాని చిన్న పనులలో అలవడిన వ్రేలే పెద్ద యంత్రముల ముందును కూర్చుండును.

ప్రాణములు పోనిచోట ధనము పోయిన ఉదాహరణ యొకటి చాలును. 2012 ఆగస్టు 1వ తేదీన నైట్ క్యాపిటల్ అను అమెరికా షేరు వ్యాపార సంస్థ తన ఎనిమిది సర్వర్లలో ఏడింటికి మాత్రమే కొత్త ప్రోగ్రామును చేర్చి, ఒకదానిని మరచినది. ఆ యొక్కదానిలో మిగిలిన పాత ప్రోగ్రాము మేల్కొని ఆర్డర్లు పంపసాగెను. ఆర్డరు నిండినది, ఇక చాలును అని లెక్కచూచు భాగమును 2005లోనే అక్కడినుండి కదలించియుండుటచే ఆ లూపునకు ఆగు నియమమే లేకపోయెను. ఏది ఆపవలెనో తోచక ఉద్యోగులు సరిగానున్న ఏడు సర్వర్లనుండి కొత్త ప్రోగ్రామును తీసివేయగా, పాత ప్రోగ్రాము వాటిలో కూడ మేల్కొనెను. 45 నిమిషములలో పోయినది 44 కోట్ల డాలర్లకు తక్కువ కాదు. ఆపుటకు ముందే నిర్ణయింపబడిన ఒక మీటయు, దానిని నొక్కుటకు అధికారము గల ఒక మనిషియు ఉండియుండినచో ఆ నష్టము అంత దూరము పోయెడిది కాదు.

ఇట్టి మీటను అందఱికి అందించినచో ఎవరో పొరపాటున నొక్కి ముఖ్యమైన పనిని చెఱుపుదురను అభ్యంతరము వినబడును. అభ్యంతరము నిజమైనదే, దానికి సమాధానమును మన రైలుపెట్టెలలోనే యున్నది. ప్రతి బోగీలోను ప్రయాణికునికి అందునట్లు గొలుసు వ్రేలాడుచున్నది. కారణము లేక లాగినవానికి 1989 నాటి రైల్వేల చట్టము 141వ సెక్షను జైలునో జరిమానానో విధించుచున్నది. లాగువారు దుర్వినియోగము చేయుచున్నారని ఆ గొలుసును ఇంజను డ్రైవరు పెట్టెలోనికి మార్చలేదు. దుర్వినియోగమును శిక్షించుట వేఱు, సాధనమును హరించుట వేఱు. పొరపాటును నివారించు ఉపాయములు యంత్రనిర్మాతలకు తెలియనివి కావు. ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ యంత్రమును తిరిగి ప్రారంభించుటకు మొదట కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఏర్పరచి, అవి ఎడమచేతితోనే పొరపాటున పడుటకు వీలున్నదని గుర్తించి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అని మార్చెను. నాటి కీబోర్డు మీద వాటిని నొక్కవలెనన్న రెండు చేతులు కావలెను. ఆలోచించినచో మార్గము దొరకును.

కావున మూడు వర్గములవారికి నా విన్నపము. మొదట అధ్యాపకులకు: లూపు చెప్పు తొలి దినముననే, పిల్లలందఱిచేత కావలెనని ఒక అంతులేని లూపు వ్రాయించి, కంట్రోల్-సి తో ఆపించి, తెర చూపిన పంక్తి సంఖ్యను చదివింపుడు. కొలాబ్‌లో చెప్పువారు కంట్రోల్-ఎం తరువాత ఐ నొక్కుటను, జూపిటర్‌లో చెప్పువారు ఐ మీటను రెండుమార్లు నొక్కుటను నేర్పుడు. ల్యాబు పరీక్షలో నడిపినందుకు మార్కులు వేయునట్లే ఆపినందుకును, ఆపినపుడు ఫైలు చెడకుండ కాపాడినందుకును మార్కులు వేయుడు. తెలుగులో కంప్యూటరు పుస్తకములు వ్రాయువారు లూపు అధ్యాయమునకు తోడుగా ఆపుటపై ఒక అధ్యాయము చేర్చుడు.

రెండవది ప్రోగ్రాములు వ్రాయు మన యువకులకు, హైదరాబాదు, విశాఖపట్నములలోనున్నను, విదేశములలోనున్నను: మీ ప్రోగ్రాము ఎక్కువసేపు తిరుగునదైనచో, ఆపుటకు ఏ మీట నొక్కవలెనో తెరమీద, వాడువారి భాషలో వ్రాయుడు, వచ్చిన ఆజ్ఞను మ్రింగకుడు, తప్పు జరిగి ఆగినపుడు, ఏల ఆగినదో చెప్పక సాగనీయకుడు. మూడవది ప్రోగ్రాములను కొనుచున్న ప్రభుత్వ శాఖలకు, ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు: సరకు స్వీకరించు దినమున అధికారి ముందు అందమైన ప్రదర్శన చూచి సంతకము చేయకుడు. రేపటినుండి దానితో పనిచేయవలసిన గుమాస్తానో నర్సునో పిలిచి, పని సగములోనుండగా వారిచేతనే ఆపు మీట నొక్కించి, అది ఆగినదా, అప్పటివరకు జరిగిన పని భద్రముగా నున్నదా యని చూచి, అట్లు లేనిచో బిల్లు పాసుచేయకుడు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, పావుగంట కాలము చాలును. ఆ పావుగంటను వెచ్చింపుడని అందఱిని ప్రార్థించుచున్నాను.